మామిడి తోటకు పూచీ ఎవరు?



విదేశీ పెట్టుబడులు, మౌలిక వసతులు, అభివృద్ధి అనగానే పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ, విశాఖపట్నానికి గూగుల్ ప్రకటించిన డేటా సెంటరు మనసులో మెదులుతాయి. నేను ఇవాళ అటు వెళ్లడం లేదు. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, చాట్రాయి, రెడ్డిగూడెం, మైలవరం చుట్టూ ఉన్న మెట్ట మామిడి సీమలో నిలబడి ఈ విషయం చూద్దామనుకుంటున్నాను. పేపర్లో కోట్ల డాలర్ల లెక్కలు చదివేటప్పుడు బుర్రకెక్కని సంగతి ఒకటి తోటలో తేటగా కనబడుతుంది. పెట్టుబడి ఏ దేశానిదైనా కానివ్వండి, పంట పోయిన ఏడు, గిరాకీ లేని ఏడు నష్టం ఎవరి నెత్తిన పడాలని కాగితం మీద రాసుకున్నారో చూడాలి. ఆ ఒక్క వాక్యం వెతికి పట్టుకుంటే ఆ పెట్టుబడి వల్ల ఎవరు బాగుపడతారో చాలావరకు తెలిసిపోతుంది.

ముందు తోట సంగతి చెబుతాను. మా వైపు తోట బేరం పూత మీదే మొదలవుతుంది. గుత్తదారు వస్తాడు, పూత చూస్తాడు, పిందె ఎంత నిలుస్తుందో అంచనా కడతాడు, తోట మొత్తానికి ఒక ధర మాట్లాడుకుని బయానా ఇస్తాడు. మిగిలిన డబ్బు కోతలప్పుడు. ఈలోగా మబ్బు పట్టి తేనెమంచు పురుగు కమ్మినా, ఏప్రిల్‌లో గాలివానకు కాయ నేలపాలైనా అతను మళ్లీ వస్తాడు, మాట్లాడుకున్నది తగ్గించమని. గుత్తకు ఇవ్వకుండా సొంతాన కోయించుకుని నున్న మామిడి మార్కెట్టుకు తోలుకున్న రైతుదీ కష్టమే. బండి మండీ ముందు ఆగేదాకా అతనికి ధర తెలియదు. తరుగు తీస్తారు, కమీషను తీస్తారు, కూలీ, కిరాయీ అతనివే. ఉత్తరాది నుంచి కొనుగోలుదారులు పలచబడితే ఆ పూట ధర దిగిపోతుంది. సరుకు వెనక్కి తెచ్చుకుని నాలుగు రోజులాగి అమ్ముకుందామంటే కాయ ఆగదు. బంగినపల్లికి కాస్త గట్టి తోలు, ప్రయాణం తట్టుకుంటుంది. రసాలది పలచని తోలు, ముగ్గాయంటే రెండు మూడు రోజుల్లో తినేయవలసిందే. నూజివీడు పేరు నిలబెట్టిన చిన్న రసాలు, పెద్ద రసాలు ఎక్కువగా మన చుట్టుపక్కల జిల్లాల్లోనే తిరుగుతాయి. సముద్రం దాటేది బంగినపల్లి. ఫ్యాక్టరీకి పోయి గుజ్జయ్యేది కలెక్టరు కాయ, అంటే తోతాపురి.

గాలివాన దగ్గర నుంచి ఢిల్లీ గిరాకీ దాకా ఈ మొత్తం దారిలో రైతుకు పూచీ పడినవాడు ఒక్కడూ లేడు. ఇది గుర్తుపెట్టుకుని ఇప్పుడు పరాయి దేశపు డబ్బు మన నేల మీదికి ఎలా వస్తూ వచ్చిందో చూడండి.

1858లో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఒకటి పుట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, కర్నూలు నుంచి కడపకు కాలువ తవ్వుతామన్నారు. మనం ఇప్పుడు కె.సి. కెనాల్ అంటున్నది అదే. పది లక్షల పౌన్ల పెట్టుబడి. ఆ డబ్బు పెట్టిన ఇంగ్లండు వాటాదారులకు ఏటా 5 శాతం రాబడి వచ్చేలా ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, రైతు ఆ నీళ్లు తీసుకున్నా తీసుకోకపోయినా ఆ 5 శాతం ఆగదు. ఖర్చు అంచనాలు దాటింది. నల్లరేగడి రైతులు అనుకున్నంతగా నీళ్లు తీసుకోలేదు. ఆదాయం రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనేసింది. ఆ హామీ సొమ్ము ఏ ఖజానా నుంచి వెళ్లింది? ఈ దేశపు రైతులు కట్టిన శిస్తు నుంచే.

దానికి కొద్ది ఏళ్ల ముందే మన పక్కన ఇంకో పని జరిగింది. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి, 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు పూర్తయ్యాయి. రెండూ ప్రభుత్వ ఖజానా డబ్బుతో కట్టినవే. వాటి వెనుక వాటాదారులు లేరు, హామీ రాబడి లేదు. ఆ రెండు కట్టడాలు డెల్టాలను అన్నపూర్ణగా మార్చిన సంగతి నేను చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ డబ్బు ఎప్పుడూ మంచిదనీ, కంపెనీ డబ్బు ఎప్పుడూ చెడ్డదనీ దీన్నిబట్టి తీర్పు చెప్పలేం. నేల వేరు, నది వేరు, పంట వేరు. పెట్టుబడికి పూచీ ముందే దొరికిపోయినప్పుడు ఆ కాలువ కింద రైతు ఏం పండిస్తాడో, ఆ నీళ్లు అతనికి కావాలో వద్దో అడగవలసిన అవసరం కంపెనీకి లేకపోయింది. నాకు కనిపించే పాఠం అది.

ఈ కథ తెల్లవాళ్లతోనే పోలేదు. 1991 తరవాత కరెంటు ఉత్పత్తిలోకి ప్రైవేటు, విదేశీ కంపెనీలను పిలిచినప్పుడు మన ప్రభుత్వాలు ఏం చేశాయి? ప్లాంటు సామర్థ్యంలో 68.5 శాతం ఉత్పత్తి చూపిస్తే చాలు, సొంత పెట్టుబడి మీద 16 శాతం రాబడి వచ్చేలా ధర కట్టాయి. రాజమండ్రి దగ్గర జేగురుపాడు ఆ కాలపు ప్లాంటే. మా మామిడి సీమ అంచున కొండపల్లిలోనూ గ్యాసు ప్లాంటు లేచింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు తగ్గిపోయాక కొండపల్లిలో తరవాత కట్టిన యూనిట్లు చాలాకాలం ఖాళీగా నిలబడ్డాయి. ఆ నష్టం బ్యాంకుల మీద పడింది, అంటే తిరిగి మన డిపాజిట్ల మీద. 2018 డిసెంబరులో గన్నవరం నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం మొదలైనప్పుడూ రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి ఒప్పందమే చేసుకుంది. సీట్లు నిండక వచ్చే లోటును తాను భరిస్తానంది. ఏడాది తిరక్కుండానే, 2019 నడిమికి ఆ విమానం ఆగిపోయింది.

విత్తనాల సంగతీ ఒక మాట చెప్పుకోవాలి. నూజివీడు పేరు మామిడి కంటే దూరం వెళ్లింది పత్తి విత్తనాల సంచి మీద. 1973లో ఇక్కడ పుట్టిన విత్తన కంపెనీ దేశమంతా విస్తరించింది. బీటీ పత్తి వచ్చినప్పుడు అమెరికా కంపెనీ మోన్‌శాంటో సాంకేతికతను వాడుకున్నందుకు ప్యాకెట్టుకు ఇంతని రుసుము కట్టవలసి వచ్చేది. 2006 నాటికి 450 గ్రాముల ప్యాకెట్టు ధరలో ఆ రుసుమే దాదాపు 1250 రూపాయలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్ దాకా వెళ్లి పోరాడింది. ఆ ఏడాదే ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. ఆ పోరాటం జరిగినందుకు నాకు గర్వంగానే ఉంటుంది. అక్కడా గమనించవలసినది ఏమిటంటే, చేను పండినా ఎండినా ఆ రుసుము ముందే కట్టించుకునేవారు. పండుతుందో లేదోనన్న దిగులు రైతుకే మిగిలేది.

పెట్టుబడి పెట్టేవాడు పూచీ కోరడం తప్పని నేను అనను. తెలియని దేశంలో, మారే ప్రభుత్వాల మధ్య, పడిపోయే రూపాయిలో ఎవరైనా డబ్బు పెట్టాలంటే భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. నా బాధల్లా, అదే భయం ఉన్న రైతును మాత్రం ధైర్యంగా ఉండమని చెబుతున్నామన్నదే. ప్రపంచ మార్కెట్టు వచ్చింది, అందుకో అంటున్నాం. అందుకోవడం ఎంత ఖర్చో చెప్పడం లేదు.

ఆ ఖర్చు ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. పండు ఈగ అనే చిన్న పురుగు కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ ఈగ తమ దేశంలోకి రాకూడదని జపాన్ 1986 నుంచి ఇరవై ఏళ్లు మన మామిడిని రానివ్వలేదు. 2006లో అనుమతి ఇస్తూ షరతు పెట్టింది. వేడి ఆవిరి గదిలో కాయ లోపలి గుజ్జు 47.5 డిగ్రీలకు చేరి, ఇరవై నిమిషాలు అలాగే ఉండాలి. అనుమతి ఉన్న రకాల్లో మన బంగినపల్లి ఉంది. అమెరికా 1989 నుంచి పద్దెనిమిదేళ్లు తలుపు మూసి 2007లో తెరిచింది. దాని షరతు వేరు, కాయకు 400 గ్రేల వికిరణం పట్టించాలి. యూరప్ 2014లో మన మామిడిని ఆపేసి మరుసటి ఏడు తెరిచినప్పుడు వేడినీళ్ల పద్ధతి ముందుకొచ్చింది, 48 డిగ్రీల నీళ్లలో గంటసేపు. వేటికవే యంత్రాలు, గదులు, తనిఖీలు. వీటన్నిటికీ ముందు కాయను తొడిమతో కోయాలి, సొన కార్చాలి, పిందె దశ నుంచే కాగితం సంచీ తొడగాలి, మందుల అవశేషాలు హద్దు దాటకూడదు.

నూజివీడులో వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా సాయంతో ప్యాక్‌హౌస్, వేడి ఆవిరి యంత్రం వచ్చాయి. అంతకుముందే కృష్ణా జిల్లాను మామిడి ఎగుమతి మండలంగా గుర్తించారు. మంచి పనులు. కానీ అమెరికా ఆమోదించిన వికిరణ కేంద్రాలు నాసిక్, ముంబయి, అహ్మదాబాదు, బెంగళూరు వైపు ఉన్నాయి. అమెరికాకు పోవాలంటే నూజివీడు కాయ ముందు దేశంలోనే పెద్ద ప్రయాణం చేయాలి. చేసినా భద్రత లేదు. 2025 మే నెలలో అమెరికా విమానాశ్రయాల్లో మన దేశపు మామిడి సరుకు పదిహేను ఖేపులు ఆపేశారు. నవీ ముంబయి కేంద్రంలో వికిరణం జరిగిన కాగితాల్లో తేడా ఉందన్నారు. సరుకును వెనక్కి తెచ్చుకోవడమా, అక్కడే నాశనం చేయడమా అని అడిగారు. తిరుగు ఖర్చు భరించలేక అక్కడే పారేయించారు. నష్టం సుమారు ఐదు లక్షల డాలర్లు, అంతా ఎగుమతిదారుల మీదే పడింది. ఇలా దెబ్బతిన్న వ్యాపారి మరుసటి ఏడు తోటకు వచ్చినప్పుడు ధర తగ్గించే అడుగుతాడు.

ప్రపంచంలో మామిడి ఎక్కువగా పండేది మన దేశంలోనే. అయినా 2023-24లో మన దేశం పంపిన తాజా మామిడి 32 వేల టన్నులు, విలువ 6 కోట్ల డాలర్లు. కోట్ల టన్నులు పండే చోట అది ఏ మూలకు?

మరి పెట్టుబడి ఎందుకు రాదు? చాలామంది ప్రభుత్వ అలసత్వం అంటారు. కొంత నిజమే. కానీ తోటకు సంబంధించిన కారణం ఒకటుంది, దాని మీద చర్చ తక్కువ. నూజివీడు సీజను ఏప్రిల్లో మొదలై జూన్ చివరికల్లా అయిపోతుంది. కోట్లు పోసి కట్టిన ప్యాక్‌హౌస్, శీతల గది, ఆవిరి యంత్రం ఆ రెండున్నర నెలలు తిరిగి మిగిలిన తొమ్మిదిన్నర నెలలు తాళం వేసుకుని కూర్చుంటాయి. వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. ఏ విదేశీ కంపెనీ లెక్కలోనూ ఇది నిలవదు. 2012లో కేంద్రం చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి అనుమతిస్తూ, తెచ్చే డబ్బులో సగం గోదాములు, శీతల గదులు, రవాణా వంటి వాటిమీద పెట్టాలని షరతు పెట్టింది. ఆలోచన మంచిదే. ఆ తలుపులోంచి చెప్పుకోదగ్గట్టుగా వచ్చింది టాటాలతో కలిసి టెస్కో ఒక్కటే. పల్లె దగ్గర గోదాము కట్టమంటే రారు, పట్నంలో అంగడి తెరవమంటే వస్తారు. అందుకే సీజనుకు మాత్రమే తిరిగే ఈ వసతులు ఆనకట్టల్లాగా ప్రభుత్వం చేతిమీదుగా రావాలని నా నమ్మకం. జామ, కూరగాయలు, నిమ్మ కూడా అదే గదుల్లోకి వచ్చేలా వేళలు కుదుర్చుకుంటే తాళం వేసే నెలలు తగ్గుతాయి.

విదేశీ కంపెనీ డబ్బు మామిడిలోకి ఘనంగా వచ్చింది గుజ్జు వైపే. పార్లే వారి మాజాను 1993లో కోకా-కోలా కొన్నది. పెప్సీకి స్లైస్ ఉంది. 2011లో కోకా-కోలా, జైన్ ఇరిగేషన్ కలిసి చిత్తూరు జిల్లాలో ఉన్నతి అనే పథకం మొదలుపెట్టాయి. ఎకరానికి నలభై చెట్ల చోట ఆరువందలకు పైగా నాటించి, బిందుసేద్యంతో దిగుబడి పెంచే పద్ధతి. దిగుబడి సంగతిలో అది పెద్ద ముందడుగే. కానీ 2025 వేసవిలో అదే చిత్తూరులో ఏమైంది? పాత ఏడాది గుజ్జు నిల్వలు అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు వెనకాడాయి. తోతాపురి ధర కూలిపోయింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ఖాయం చేసింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, రైతులు రోడ్డెక్కారు. చెట్లు ఎక్కువ నాటమన్న ఒప్పందాలున్నాయి, సాంకేతిక సలహాలున్నాయి. గుజ్జు మిగిలిపోయిన ఏడు కాయ ఎవరు కొనాలో మాత్రం ముందుగా తేల్చుకోలేదు. కోత నడిమధ్యలో కలెక్టరాఫీసులో కూర్చుని తేల్చవలసి వచ్చింది.

ఇంకో పంట ఉంది, మా కళ్లెదుటే మామిడిని మింగేస్తోంది. నూజివీడు చుట్టుపక్కల అరవై, డెబ్భై ఏళ్ల మామిడి చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ పెడుతున్నారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అది నీళ్లు తాగే పంట, ఇది బోర్ల మీద బతికే మెట్ట. అయినా ఆ రైతును నేను తప్పుపట్టలేను. 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ప్రతి ఫ్యాక్టరీకి కొన్ని మండలాలు కేటాయిస్తారు. ఆ మండలాల్లో పండిన గెలలన్నీ ఆ ఫ్యాక్టరీ కొని తీరాలి. ధరను ముడి పామాయిలు ధరకు ముడిపెట్టి సూత్రం ప్రకారం కడతారు. 2021లో కేంద్రం తెచ్చిన ఆయిల్‌పామ్ మిషన్‌లో ధర పడిపోతే ఆదుకునే ఏర్పాటు కూడా ఉంది. నెలకు రెండు కోతలు, ఖాతాలో డబ్బు. గాలివానకు రాలదు, ఢిల్లీ వ్యాపారి కోసం చూడనక్కర్లేదు. ఆ చెట్టుకు పూచీ ఉంది, మామిడికి లేదు. రైతు ఎటు వెళతాడు? ఇన్ని ఫ్యాక్టరీలకూ కంపెనీలకూ దొరికిన పూచీని ఒక చట్టం రైతుకూ ఇవ్వగలదని ఇక్కడే రుజువైంది. మామిడికి అలాంటి చట్టం తేవడం కష్టం, ఒప్పుకుంటాను. గెలకు నూనె శాతం కొలవొచ్చు, మామిడికి రకం, నాణ్యత, ముదురు, మచ్చ అన్నీ చూడాలి. కానీ గుజ్జుకు పోయే కలెక్టరు కాయ వరకైనా అది అసాధ్యం కాదు.

నీళ్ల కోసం వచ్చిన పరాయి డబ్బు సంగతీ చూద్దాం. పెరూ దేశంలో పియూరా అని ఒక ఎడారి ప్రాంతం ఉంది. 1950లలో ప్రపంచ బ్యాంకు అప్పుతో అక్కడ సాన్ లొరెంజో సాగునీటి పథకం కట్టారు. ఎడారిలోకి నీళ్లొచ్చాయి. ఇవాళ ఆ దేశపు ఎగుమతి మామిడికి అదే గుండెకాయ. మన మెట్టకూ అలాంటి డబ్బు వచ్చింది. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు మావే, ఆ కాలువల ఆధునికీకరణకు 2010లో ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పిచ్చింది. అది పెట్టుబడి కాదు, తిరిగి కట్టవలసిన అప్పు. నీళ్లు చివరి తూము దాకా వస్తే ఆ అప్పు భారం కాదు, రాకపోతే భారమే. పెరూలోనూ అంతా సుఖం లేదు. 2023-24లో ఎల్‌నినో వేడికి అక్కడ చెట్లు సరిగా పూయక ఎగుమతి ఘోరంగా పడిపోయింది. ఆకాశం చేసే నష్టం ఏ దేశ రైతుకైనా ఒకటే. ఆ నష్టంలో పక్కన నిలబడేది ఎవరన్నదే దేశానికీ దేశానికీ మారుతుంది.

మన దగ్గర ఇంకో విదేశీ డబ్బు ఉంది, దాన్ని పెట్టుబడిగా ఎవరూ లెక్కవేయరు. కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు పంపే డాలర్లు. అవి ఇళ్లయ్యాయి, స్థలాలయ్యాయి, గుళ్లయ్యాయి. డల్లాస్‌లోనూ అట్లాంటాలోనూ మన మామిడి పెట్టెను నలభై, యాభై డాలర్లు పెట్టి కొనుక్కునేదీ ఆ పిల్లలే. అందులో పెద్ద భాగం విమానం కిరాయికే పోతుంది, తోటకు చేరేది కొసరు. వాళ్లను విరాళం అడగవద్దు. ఆగిరిపల్లి రైతు ఉత్పత్తిదారుల సంఘంలో వాటా తీసుకోమనండి, సీజనుకు ముందే పెట్టెలకు సొమ్ము కట్టమనండి. వాళ్లకు ఊరి మీద ప్రేమ ఉంది, కాయ రుచి తెలుసు, ఒక ఏడు కాపు తగ్గితే తట్టుకోగల స్థోమత ఉంది. లండన్ వాటాదారుకు అప్పట్లో ఈ మూడూ లేవు.

ఇక ప్రభుత్వాన్ని నేను కోరేది చాలా చిన్నది. మామిడి మీద ఏ కంపెనీతోనైనా, అది మనదైనా పరాయిదైనా, భూమి, నీళ్లు, కరెంటు రాయితీలిచ్చి ఒప్పందం చేసుకుంటే, ఆ కంపెనీ కనీసం ఎన్ని టన్నులు, ఏ ధరకు కొని తీరాలో అందులోనే రాయాలి. కొనకపోతే ఎంత పరిహారమో రాయాలి. గాలివాన ఏడు గుత్త ఎంత తగ్గాలో, దాన్ని ఎవరు తేల్చాలో రాయాలి. ఆ కాగితం తెలుగులో ఉండాలి. డిసెంబరు లోపు, చెట్టు పూతకు రాకముందే, రైతు సేవా కేంద్రం గోడమీద అంటించి ఉండాలి. జనవరిలో గుత్తదారు తోటలో అడుగుపెట్టేనాటికి బేరానికి కూర్చునే రైతు దాన్ని చదివి ఉండాలి.